నాలుగో బోల్టు

ట్యాంకర్ తొమ్మిదింటికి వస్తుంది.
అప్పటికల్లా బండి గేటు కాడ నుంచి జరగాలని
వాచ్‌మన్ సాయన్న రాత్రే చెప్పిపోయాడు.
ఇప్పుడు ఆరున్నర.
మోతీనగర్‌లో, స్టాండ్ల మీదికెత్తిన పదహారేళ్ల శాంట్రో కింద
పాత ఫ్లెక్సీ పరుచుకుని వెల్లకిలా పడుకున్నాను.
ఫ్లెక్సీలో ఎవరో కార్పొరేటర్
నా వీపుకు దండం పెడుతున్నాడు.

మూడు నెలలుగా ఇది ఎత్తు ఎక్కనంటోంది.
భరత్‌నగర్ బ్రిడ్జి సగంలో రెండో గేరుకు దిగి
ఆయాసపడుతుంటే వెనక ఆటోలు తిట్టేవి.
సిగ్నల్ దగ్గర కుళ్లిన గుడ్ల వాసన.
డబ్బాలో గులకరాళ్లేసి ఊపినట్టు అడుగున చప్పుడు.
నేను రేడియో సౌండు పెంచాను.
అదే నేను చేసిన మొదటి రిపేరు.

ఎర్రగడ్డ ఆస్పత్రిలో నా ఉద్యోగం
మనుషుల చేత గొట్టంలోకి ఊదించడం.
ఊదండి, ఊదండి, ఇంకా, ఆపకండి...
కాగితం మీద గీత వంగిన చోటు చూసి
అడ్డు ఎక్కడుందో చెప్పగలను.

మొన్న సాయంత్రం ఇమ్రోజ్,
పై అంతస్తు జరీనక్క కొడుకు, పాలిటెక్నిక్ మూడో ఏడు,
సెన్సర్ ఊడదీసి ఆ రంధ్రంలో గేజి బిగించాడు.
రేస్ ఇస్తే ముల్లు ఎర్రగీత దాటింది.
"లోపల జామైందక్కా. పొగ బైటికి పోతలేదు."

మూసాపేట నర్సింగరావు సలహా చవక.
"లోపలిది పొడిచి పారేస్తా మేడం, ఖాళీ డబ్బా బిగిస్తా.
గుర్రం లెక్క ఉరుకుతది. సర్టిఫికెట్ సంగతి నాకొదిలెయ్యిండ్రి."
పద్నాలుగు వేలు మిగులుతాయి.
ఒక రాత్రంతా మిగుల్చుకున్నాను కూడా.
పొద్దున డ్యూటీలో ఒక ట్రాఫిక్ హోంగార్డు ఊదాడు.
గీత సగంలోనే కూలబడింది.
ఏ చౌరస్తా అని అడిగాను.
నా దారిలోదే.

రాణిగంజ్‌లో కొత్తది కొన్నాను, బిల్లుతో.

రాత్రంతా నూనె తాగిన బోల్టులు.
ఒకటి దిగింది. రెండోది కీచుమంటూ దిగింది.
మూడోదానికి ఇమ్రోజ్ స్పానరుకు పైపు తొడిగాడు.
నాలుగోది తిరుగుతున్నట్టే తిరిగి
టప్పున తల తెగి నా చెవి పక్కన పడింది.
కళ్లద్దాల మీద తుప్పు, కారప్పొడిలా.
డ్రిల్లు. పై నుంచి వేలాడేసిన వైరు. ముప్పావు గంట.
పాలబ్బాయి వంగి నా కాళ్లు చూసి
"కారు కింద ఆడమనిషా" అన్నాడు.
"ప్యాకెట్లు రెండు పెట్టు" అన్నాను.

దించితే ఆనిగపుకాయంత ఉంది.
బోర్లిస్తే జలజలా రాలాయి ముక్కలు,
తేనెపట్టు గళ్లు, ఈగ వాలనివి.
మిగతా సగం కరిగి
ముదిరిన పాకంలా ముద్దకట్టింది.

ఇమ్రోజ్ ఆ ముద్దను ఎండకు పట్టి చూశాడు.
"ఇది దానంతటది సావలేదక్కా.
రెండో ప్లగ్గు అంటుకుంటలేదు.
కాలని పెట్రోలు దీంట్లకొచ్చి కాలింది.
ప్లగ్గు మార్చకుంటే కొత్తదాన్ని గూడ తింటది."

పోయిన దసరా ముందు నుంచే ఆ కుదుపు ఉంది.
పెట్రోలు కల్తీ అనుకున్నాను.
అనుకోవడానికి పైసా ఖర్చు కాలేదు.

పాత సామాను బండివాడు
పేపర్ల కట్ట వైపు చూడను కూడా లేదు.
చెయ్యి తిన్నగా దీని మీదికే పోయింది.
"ఈ మన్నుకే పైసలమ్మా" అని రెండు వేలన్నాడు.
ఇమ్రోజ్ మూడున్నర దగ్గర తెంపాడు.
ఆ నోట్లు వాడి జేబులోనే ఉండనిచ్చాను.

ముందు ప్లగ్గులు. తర్వాత కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు,
నాలుగూ చేత్తోనే తిరిగినంత మెత్తగా.
ఎనిమిదీ యాభై.
తాళం తిప్పితే, గులకరాళ్లు లేవు.
వెనక్కి వెళ్లి గొట్టానికి జానెడు దూరంలో
అరచెయ్యి పెట్టాను.
వెచ్చగా, కొంచెం తడిగా తగిలింది.
ఊదు, అన్నాను. ఇంకా. ఆపకు.

"ఎవరితోని మాట్లాడుతున్నవక్కా?"

సందు మొగలో ట్యాంకర్ హారన్.
సాయన్న బిందెల్ని తోసుకుంటూ పరుగు.
రివర్స్ తీస్తూ అద్దంలో చూశాను:
మొహం నిండా తుప్పు రాలినా
కార్పొరేటర్ ఇంకా దండం పెడుతూనే ఉన్నాడు.